తొట్టెల దింపిన బిడ్డ ఎక్కడ పడుకుంటున్నది?

బిడ్డను తొట్టెల్లో వేసేనాడు మనం ఊరిని పిలుస్తాము. పేరు పెడతాము, మేనత్తకు చీర పెడతాము, ముత్తైదువల చేత పాట పాడిస్తాము, ఫోటోలు తీయిస్తాము. అదే బిడ్డను తొట్టెల్లో నుండి దింపేనాడు ఎవరినీ పిలవము. అసలు ఆ రోజు ఏదో కూడా మనకు గుర్తుండదు. కాళ్లు బయటికి వేలాడుతున్నవనో, ఇంకొక బిడ్డ పుట్టిందనో, చుట్టాలింట్లో తొట్టెల లేదనో ఆ రాత్రికి ఎక్కడో ఒకచోట పడుకోబెడతాము. ఆ ఎక్కడో ఒకచోటే మరునాటి నుండి అలవాటవుతుంది.

ఉద్యోగ జీవితమంతా ఉమ్మడి కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల ప్రభుత్వ ఆస్పత్రుల్లో గడిపినవాడిని. ఏడాదిన్నర నుండి మూడేళ్ల లోపు పిల్లలు రాత్రిపూట ఆస్పత్రికి వచ్చినప్పుడు నేను తల్లిని అడగవలసిన మొదటి ప్రశ్న "ఏమైంది?" కాదని, "ఎక్కడ పడుకున్నడమ్మా?" అని నాకు తెలియడానికి చాలా ఏళ్లు పట్టింది. ఆ ఆలస్యానికి ఒక బిడ్డ మూల్యం చెల్లించింది. కనుక ఈ వ్యాసంలో నేను కొందరితో తగవుకు దిగుతున్నాను. ఆ జాబితాలో మొదటి పేరు నాదే.

ఆదిలాబాదు ఏజెన్సీలో ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో పనిచేస్తున్న రోజులవి. ఉపకేంద్రంలో టీకాల రోజు. ఒక తల్లి బిడ్డను చంకనెత్తుకొని వచ్చింది. బిడ్డకు రెండేళ్లు కావస్తున్నవి. సూది వేయించుకొని పోతూ పోతూ అడిగింది: "సారూ, వీడింకా చీర తొట్టెల్నే పండుతడు. దింపితే ఏడుస్తడు. ఏమన్న అయితదా?" నేను రిజిస్టరులో రాసుకుంటున్నాను. తల ఎత్తలేదు. "పండుతున్నడు గదా, పండనీ" అన్నాను. పత్తి ఏరే కాలం. తల్లి చేనుకు పోతే ఏడేళ్ల అక్క తొట్టెల ఊపేది. నెల తిరగకముందే ఒక మధ్యాహ్నం ఆ బిడ్డను ఎడ్లబండి మీద తెచ్చారు. నిద్ర లేచి తొట్టెల్లో నిలబడ్డాడట. చీర మెలి తిరిగింది. దిగబోతే మెడ ఆ మెలికలో ఇరుక్కున్నది. అక్క నీళ్లకు పోయింది. నేను చేయగలిగినదేమీ మిగలలేదు. ఆ తల్లి నన్ను ఒక్క మాట అనలేదు. ఆమె అడిగిన ప్రశ్నను నేను ఇప్పటికీ మరిచిపోలేదు.

చీర తొట్టెలను నేను నిందించడం లేదు. దూలానికి రెండు ముళ్లు వేసి తల్లి తన పాత చీరలో బిడ్డను ఊపడం పేదరికం కనిపెట్టిన గొప్ప సాధనం. మలేసియాలో సరోంగు వస్త్రంతో ఇదే తొట్టెల కడతారు, పైన స్ప్రింగు కూడా తగిలిస్తారు. కానీ దాని వయస్సు దానికి ఉన్నది. బోర్లా పడడం కూడా రాని పసిగుడ్డుకు అది ఒడి వంటిది. అప్పుడు కూడా ఒక కన్ను దాని మీద ఉండాలి, బిడ్డ గడ్డం ఛాతీకి ఆనుకొని ముడుచుకుపోకూడదు. రాత్రంతా పడుకోవడానికి గట్టి సమతలమే మేలు, అదీ వెల్లకిలా. బోర్లా పడి, చేతుల మీద లేవడం మొదలైందా, చీర తొట్టెల పని అయిపోయినట్లే. అది నాలుగు, ఆరు నెలల మాట. రెండేళ్ల మాట కాదు. పది పన్నెండు కిలోల బిడ్డ అందులో నిలబడితే ముడి జారుతుంది, కొక్కెం ఊడుతుంది, లేదా బట్ట మెలి తిరుగుతుంది. ఈ మూడింటిలో ఏది జరిగినా కింద ఉన్నది బండ నేల.

కర్ర తొట్టెలకు, ఇనుప తొట్టెలకు, పట్టణాల్లో ఇప్పుడు కొంటున్న కటకటాల మంచానికి లెక్క వేరు. అమెరికా పిల్లల వైద్యులు చెప్పే కొలత సులభమైనది: బిడ్డ లేచి నిలబడినప్పుడు పైకమ్మీ ఛాతీ మధ్యకు దిగిపోయినా, బిడ్డ ఎత్తు 35 అంగుళాలు, అంటే సుమారు 90 సెంటీమీటర్లు దాటినా దాని నుండి దింపాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రమాణాల ప్రకారం రెండేళ్ల మగబిడ్డ సగటు ఎత్తు 87 సెంటీమీటర్లు, ఆడబిడ్డది 86. అంటే చాలామంది పిల్లలకు ఆ గడువు రెండున్నరేళ్ల చుట్టుపక్కల వస్తుంది. అంతకన్నా ముందే బిడ్డ ఒక కాలు కమ్మీ మీద వేసిందంటే ఆ రోజే ఆఖరు రోజు. "ఇంకా పడలేదు కదా" అని ఎదురుచూడవద్దు. ఈ వయస్సు బిడ్డకు శరీరం మొత్తంలో తల వాటా పెద్దవారికన్నా చాలా ఎక్కువ. అందుకే పై నుండి జారితే కాళ్ల మీద పడదు, తల మీద పడుతుంది.

మరొక మాట. మన సంతల్లో, దుకాణాల్లో అమ్మే కటకటాల మంచాల మీద ఏ అధికారి చూపూ పడినట్లు నాకు కనిపించదు. అమెరికాలో చువ్వకు చువ్వకు మధ్య సందు ఆరు సెంటీమీటర్లు మించకూడదని నియమం. ఒకవైపు గోడ కిందికి జారే రకపు మంచాల్లో పిల్లలు ఇరుక్కొని మరణించిన తరువాత 2011 జూన్ నుండి ఆ దేశంలో వాటి తయారీని, అమ్మకాన్ని నిషేధించారు. మీరు కొనేముందు కనీసం మీ పిడికిలిని ఆ చువ్వల మధ్య పెట్టి చూడండి. పిడికిలి దూరితే ఆ మంచం వద్దు.

ఇక దింపిన తరువాత ఎక్కడ?

ఇక్కడ నా రెండవ తగవు మొదలవుతుంది. చదువుకున్న యువ తల్లిదండ్రులు విదేశీ సలహాలు చదివి నాతో వాదిస్తారు: "మంచం మీద నుండి పడతాడని భయమెందుకు సార్? పరుపు నేల మీదే వేస్తే సరి." ఊరిలోని పెద్దవారు చదవకుండానే అదే మాట అంటారు: "చాప మీద పండుకుంటే ఎక్కడ పడతడు?" బోస్టన్‌లోనో, బెర్లిన్‌లోనో ఆ సలహా సరైనదే కావచ్చు. జగిత్యాల దాటిన తరువాత, ఉట్నూరు దాటిన తరువాత, వరి పొలం పక్కన ఇల్లు, ఇంటి పక్కన గడ్డివాము, గడ్డివాములో ఎలుకలు ఉన్నచోట అది సరైన సలహా కాదు. అక్కడ నేల మీద రాత్రిపూట ఇంకొకరు కూడా తిరుగుతారు.

కట్లపాము గురించి మీకు తెలిసినది చాలదు. నాగుపాము పడగ విప్పుతుంది, రక్తపింజరి బుస కొడుతుంది. కట్లపాము ఏ హెచ్చరికా చేయదు. పగలు దాక్కొని రాత్రి తిరుగుతుంది. ఎలుకల కోసమో, ఇతర పాముల కోసమో ఇంట్లోకి వస్తుంది, నేల మీద నిద్రపోతున్న మనిషి పక్కకు చేరుతుంది. ఆ మనిషి కదిలితే కరుస్తుంది. దాని కోరలు చాలా చిన్నవి. నొప్పి ఉండదు, వాపు ఉండదు, చాలాసార్లు గాటు కూడా కనబడదు. పెద్దవారే నిద్ర లేవరు, ఇక రెండేళ్ల బిడ్డ ఏమి చెబుతుంది? తెల్లవారుజామున కడుపునొప్పి అని ఏడుస్తుంది, వాంతి చేసుకుంటుంది. తల్లి రాత్రి తిన్నది పడలేదనుకుంటుంది. కాసేపటికి కనురెప్పలు వాలిపోతాయి. నిద్రమత్తు అనుకుంటారు. మింగలేక చొంగ కారుతుంది. దిష్టి అనుకుంటారు. ఎవరో మంత్రం వేస్తారు. ఆ తరువాత ఛాతీ కండరాలు పనిచేయడం మానేస్తాయి.

1990ల తొలినాళ్లలో ఒక వానాకాలపు రాత్రి నేను డ్యూటీలో ఉండగా మూడేళ్లు నిండని ఒక ఆడబిడ్డను ఇలాగే తెచ్చారు. తమ్ముడు పుట్టాడు. తొట్టెల తమ్మునికి ఇచ్చారు, ఈమెను అమ్మమ్మ పక్కన చాప మీదికి మార్చారు. మార్చి పది రోజులు. రెప్పలు వాలి ఉన్నవి, ఊపిరి తగ్గుతున్నది. ఆ ఆస్పత్రిలో అప్పట్లో కృత్రిమ శ్వాస యంత్రం లేదు. గొట్టం వేసి అంబు సంచిని చేతితో నొక్కడం మొదలుపెట్టాము. నేను, స్టాఫ్ నర్సు, వార్డు బాయ్, చివరికి బిడ్డ మేనమామ కూడా. వంతులవారీగా రాత్రంతా, మరునాడు మధ్యాహ్నం వరకు నొక్కాము. విరుగుడు మందు ఇచ్చాము. బిడ్డకైనా పెద్దవానికైనా విరుగుడు మందు మోతాదు ఒకటేనని ఇక్కడ గుర్తుచేస్తున్నాను. పాము తన విషాన్ని బిడ్డ బరువు చూసి తగ్గించి ఇవ్వదు. ఆ బిడ్డ బతికింది. మేనమామ వేళ్లకు బొబ్బలెక్కినవి.

ఇది ఏదో ఒక అరుదైన కథ అని మీరు అనుకోకూడదని ఒక లెక్క చెబుతాను. 2020లో వెలువడిన జాతీయ స్థాయి అధ్యయనం ప్రకారం 2000 నుండి 2019 వరకు భారతదేశంలో పాముకాటుతో మరణించినవారు సుమారు 12 లక్షలు. అంటే ఏటా సగటున 58,000 మంది. వారిలో నాలుగవ వంతుకు పైగా పదిహేనేళ్ల లోపు పిల్లలు. మరణాలు అధికంగా ఉన్న రాష్ట్రాలలో నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్, అంటే మన తెలంగాణ కూడా కలిసిన ప్రాంతం ఉన్నది. ఎర్ర తేలు సంగతి వేరే చెప్పాలా? మహారాష్ట్రలోని మహాడ్‌లో పనిచేసిన డాక్టర్ హిమ్మత్‌రావు బావస్కర్ 1980లలో ప్రజోసిన్ మాత్రతో చికిత్సను వెలుగులోకి తెచ్చేవరకు తేలు కుట్టిన చిన్నపిల్లలు గుండె దెబ్బతిని మా కళ్ల ముందే పోయేవారు. అది కూడా నేల మీద పాకేదే.

"మేమంతా చాపల మీద పెరగలేదా డాక్టరు గారూ?" అని అడిగేవారికి నా సమాధానం ఒక్కటే. పెరిగారు కనుకనే అడుగుతున్నారు. పెరగనివారు అడగడానికి లేరు.

సరే, నేల వద్దు. అయితే డబుల్ కాట్ మీదనా? అదీ వద్దు. పరుపుతో కలిపి రెండడుగులు దాటే ఎత్తు, కింద మార్బుల్ లేదా గ్రానైట్ బండ. దీనికి మనవాళ్లు చేసే ఉపాయం చుట్టూ దిండ్లు పేర్చడం. ఏడాది దాటిన బిడ్డకు దిండు గోడ కాదు, మెట్టు. ఇంకొందరు మంచాన్ని గోడకు జరిపి నిశ్చింతగా ఉంటారు. గోడకు పరుపుకు మధ్య నాలుగు వేళ్ల సందు ఉంటే బిడ్డ మొండెం అందులోకి జారి తల పైన ఇరుక్కుంటుంది. జరిపితే వేలు కూడా దూరకుండా జరపండి, లేదా మూరెడు దూరంగా ఉంచండి. మధ్యరకం దూరమే ప్రాణాంతకం. అంగట్లో దొరికే బిగించుకొనే కమ్మీలు రెండేళ్లు నిండని బిడ్డకు పనికిరావు, అవి కూడా పరుపుకు దూరంగా వదులైతే అదే ప్రమాదం.

మరి ఏది? నేను వెనక్కి పొమ్మంటున్నానని నవ్వకండి. మోకాలి ఎత్తు దాటని గడంచె. మన ఇళ్లలో నులకతోనో, నవారుతోనో అల్లినది ఉండేదే, దానినే అంటున్నాను. పాము ఎక్కడానికి అనువుగా ఉండనంత ఎత్తు, బిడ్డ పడితే తల పగలనంత ఎత్తు. మధ్యలో కొద్దిగా కుంగుతుంది కనుక దొర్లే బిడ్డ అంచుకు పోకుండా మధ్యకే వస్తుంది. (ఏడాది లోపు పసిబిడ్డకు మాత్రం ఆ కుంగుడు మంచిది కాదు. వారికి గట్టి సమతలమే.) కాళ్లవైపు నులకను బిగించే తాళ్ల మధ్య సందు ఉంటుంది, అందులో బిడ్డ కాలో తలో దూరకుండా గట్టి బట్ట కట్టాలి. దుప్పటి అంచులు నేలకు వేలాడకూడదు, ఎందుకంటే పాముకు అదే నిచ్చెన. గడంచె గోడకు, గడ్డికి, ధాన్యపు బస్తాలకు దూరంగా ఉండాలి. పైన దోమతెర కట్టి, అంచులను పరుపు కిందికి దోపాలి. దోమతెర దోమకే అనుకోవద్దు. తూర్పు నేపాల్ గ్రామాలలో చేసి 2007లో ప్రచురించిన అధ్యయనంలో దోమతెరలో పడుకున్నవారికి పాముకాటు గణనీయంగా తక్కువని తేలింది. మలేరియాతో తరతరాలుగా వేగుతున్న మన ఏజెన్సీ గూడేలకు సర్కారు పంచిన దోమతెరలు చేపల వలలుగా, కూరగాయల పందిళ్లకు కంచెలుగా మారడం నేను చూశాను. ఆ కుటుంబాలను తిట్టిన అధికారులనూ చూశాను. తెర కట్టడానికి గూటమూ, కింద మంచమూ లేని ఇంటికి తెర ఒక్కటే ఇస్తే అది ఏమవుతుంది?

గడంచె చేయించడానికి కూడా డబ్బులేని ఇల్లు ఉన్నదని నాకు తెలుసు. ఆ ఇంట్లో ఒకే మంచం ఉంటే అది ఇంటిపెద్దకు ఇస్తారు. ఆ ఒక్క మంచాన్ని రాత్రికి తల్లీబిడ్డలకు ఇవ్వమని నేను ఎందరో మగవారితో దెబ్బలాడాను. కొందరు ఇచ్చారు. కొందరు నన్ను పిచ్చివాణ్ణి చూసినట్లు చూశారు.

ఎండాకాలం, చలికాలం గురించి కొంత చెప్పాలి. రామగుండంలో, కరీంనగరులో ఎండ 45 డిగ్రీలను తాకే రోజుల్లో కుటుంబమంతా బంగ్లా మీద పడుకుంటుంది. తొట్టెల దిగిన బిడ్డ అర్ధరాత్రి లేచి నడుస్తుందన్న సంగతి మరుస్తారు. పిట్టగోడ లేని బంగ్లా మీద ఆ బిడ్డకు చోటు లేదు, ఎంత చల్లగాలి ఉన్నా సరే. కింద ఇంట్లో పడుకుంటే మంచం పక్కనే ఇనుప కూలరు. లోపల నీళ్లు, బయట ఇనుప రేకు, ఎర్తింగ్ లేని ప్లగ్గు. తొట్టెల్లో ఉన్న బిడ్డ చేతికి అది అందదు. మంచం దిగిన బిడ్డ మొదట తడిమేది దానినే. కూలరును బిడ్డ చేతికి అందనంత దూరం జరపండి, ఎర్తింగ్ ఉన్న మూడు పిన్నుల ప్లగ్గు పెట్టించండి. చలికాలంలో ఆదిలాబాదు ఏజెన్సీలో ఉష్ణోగ్రత ఒక అంకెకు పడిపోతుంది. అప్పుడు మంచం కింద కుంపటి పెట్టి తలుపులు మూస్తారు. బొగ్గు నుండి వచ్చే కార్బన్ మోనాక్సైడుకు రంగు లేదు, వాసన లేదు. కుంపటి గదిని వేడిచేసిన తరువాత బయట పెట్టాలి, పడుకొనేముందే.

నేను చెప్పదలచిన అసలు సంగతి ఇందులోనే ఉన్నది. తొట్టెల అంటే మంచం ఒక్కటే కాదు, కంచె కూడా. బిడ్డను అందులో నుండి దింపిన రాత్రి మీరు ఆ కంచెను తీసేస్తున్నారు. ఇక ఇల్లంతా తొట్టెల కావాలి. కిరోసిన్ సీసా, దోమల మందు, అమ్మమ్మ బీపీ మాత్రలు, మూత లేని నీళ్ల సంపు, స్నానాల గదిలో సగం నిండిన బకెట్టు, గోడకు బిగించని బీరువా, ఇవన్నీ నిన్నటివరకు బిడ్డకు రాత్రిపూట దూరం. ఈ రాత్రి నుండి దగ్గర. బకెట్టులో జానెడు నీళ్లు చాలు, తలకిందులుగా పడిన బిడ్డ తిరిగి లేవలేదు. పరుపు కొనడానికి చూపిన శ్రద్ధలో పదో వంతు సంపు మూత మీద చూపండి.

మూడవ తగవు పట్టణవాసులతో. దీనిని త్వరగా ముగిస్తాను, ఎందుకంటే వారికి చదువుకొనే అవకాశం ఉన్నది. కారు ఆకారపు మంచం కొని, గోడకు బొమ్మలు అతికించి, రెండేళ్ల బిడ్డను ప్రత్యేక గదిలో వేసి, బయట గొళ్లెం పెట్టి, "స్వతంత్రంగా పెంచుతున్నాము" అంటున్నారు. బయట గొళ్లెం పెట్టిన గదిలో స్వతంత్రమేమిటో నాకు అర్థం కాదు. అగ్ని ప్రమాదమో, వాంతితో ఉక్కిరిబిక్కిరో జరిగితే ఆ బిడ్డ ఏ తలుపు తట్టాలి? రెండేళ్ల బిడ్డకు వేరే గది కావాలని వైద్యశాస్త్రం ఎక్కడా చెప్పలేదు. వేరే పడక కావాలి, తల్లి చేతికందే దూరంలో. ఏడుపు మానడానికి చేతికి ఫోను ఇస్తున్నారు. ఏడాది నుండి రెండేళ్ల బిడ్డకు రోజుకు 11 నుండి 14 గంటల నిద్ర, మూడు నాలుగేళ్ల వారికి 10 నుండి 13 గంటల నిద్ర అవసరమని, రెండేళ్లు నిండకముందే తెర ముందు కూర్చోబెట్టవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. ఆ నిద్రను ఫోను దొంగిలిస్తుంది.

తొందరెందుకని కూడా అడుగుతున్నాను. అమెరికా, కెనడా, బ్రిటన్, ఆస్ట్రేలియా, న్యూజీలాండ్ తల్లిదండ్రులను అడిగి 2019లో ప్రచురించిన ఒక అధ్యయనంలో ఏడాదిన్నర నుండి మూడేళ్ల పిల్లల్లో కటకటాల మంచంలో పడుకునేవారే తొందరగా నిద్రపోతున్నారని, ఎక్కువసేపు నిద్రపోతున్నారని తేలింది. దాని వల్లనే నిద్ర బాగుందా, నిద్ర బాగున్న పిల్లలనే అందులో ఉంచారా అన్నది వేరే ప్రశ్న. కానీ తొందరపడి దింపితే ఏదో లాభమున్నదని మాత్రం ఆ అధ్యయనం చెప్పలేదు. బిడ్డ ఎక్కి దూకనంత కాలం, కొలత మించనంత కాలం ఉండనీయండి.

మన దగ్గర తొందరకు అసలు కారణం వేరు. రెండవ కాన్పు. మొదటి బిడ్డకు ఏడాదిన్నర కూడా నిండకముందే తొట్టెల ఖాళీ చేయాలి. ఒక కాన్పు తరువాత కనీసం రెండేళ్లు ఆగి మళ్లీ గర్భం దాల్చాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. మన సర్కారు ఆస్పత్రుల్లో అంతర సూది ఉచితంగా వేస్తారు. భర్త గల్ఫ్ నుండి రెండేళ్లకొకసారి నెల రోజుల సెలవు మీద వచ్చే ఇళ్లలో ఈ మాట అత్తగారి ముందు మాట్లాడడం కోడలికి కష్టం. అందుకే వైద్యుడే మాట్లాడాలి, అత్తగారితోనే మాట్లాడాలి. ఒకవేళ కాన్పు దగ్గర పడితే పెద్దబిడ్డను కనీసం రెండు నెలల ముందే కొత్త పడకకు మార్చండి, లేదా చిన్నబిడ్డ వచ్చిన రెండు నెలల తరువాత మార్చండి. తమ్ముడు వచ్చిన రోజునే తొట్టెలనూ తల్లి పక్కనూ రెండింటినీ లాక్కోకండి.

చివరి తగవు సర్కారుతో. ఫిన్లాండ్ 1938 నుండి తల్లులకు పసిబిడ్డ బట్టలతో ఒక పెట్టె ఇస్తున్నది. ఆ అట్టపెట్టెలోనే పరుపు వేసి బిడ్డను పడుకోబెట్టవచ్చు. మన దగ్గర 2017లో మొదలైన కేసీఆర్ కిట్టులో కూడా బిడ్డకు చిన్న పడక, దోమతెర ఇచ్చారు. దానిని నేను మనసారా మెచ్చుకున్నాను. అది పసిగుడ్డుకు. ఆ పడకలో పట్టని బిడ్డ గురించి ఎవరు ఆలోచించారు? 16 నుండి 24 నెలల మధ్య తట్టు-రుబెల్లా రెండవ మోతాదుకు, డీపీటీ బూస్టరుకు ప్రతి బిడ్డ ఏఎన్ఎం ముందుకు వస్తుంది. సరిగ్గా తొట్టెల దింపే వయస్సు. ఆ రోజున ఒక్క ప్రశ్న అడగమని కోరుతున్నాను: "రాత్రి ఎక్కడ పండుతున్నడమ్మా?" కాగితం అక్కరలేదు, బడ్జెటు అక్కరలేదు. ఏఎన్ఎంలకు ఇప్పటికే తలకు మించిన రిజిస్టర్లు ఉన్నవని నాకు తెలుసు. అందుకే రిజిస్టరులో రాయమనడం లేదు. తల ఎత్తి అడగమంటున్నాను.

తల్లిదండ్రులకు కొన్ని గుర్తులు. బిడ్డ మంచం మీద నుండి పడి వెంటనే ఏడ్చి, ఆడుకుంటుంటే భయపడనక్కరలేదు, కానీ ఒక రోజంతా కనిపెట్టండి. మళ్లీ మళ్లీ వాంతులు, లేపినా లేవని మత్తు, ఫిట్స్, చెవి ముక్కుల నుండి నీరు లేదా రక్తం, ఒక కన్ను పాప పెద్దది కావడం, వీటిలో ఏది కనిపించినా 108కి ఫోన్ చేయండి. రాత్రి నేల మీద పడుకున్న బిడ్డ తెల్లవారి కడుపునొప్పితో లేచి, రెప్పలు వాలుస్తుంటే గాటు వెతుకుతూ కూర్చోకండి. పసరు వద్దు, కట్టు వద్దు, కోత వద్దు. కట్లపాము అనుకొనే ఆస్పత్రికి తీసుకుపోండి, డాక్టరుకు ఆ మాటే చెప్పండి.

నా మనవరాలికి ఈ దసరాకు రెండేళ్ల నాలుగు నెలలు. కటకటాల మంచం కమ్మీ మీద కాలు వేసిందని కోడలు చెప్పింది. కొడుకు ఏదో దుకాణంలో కారు మంచం చూసి వచ్చాడు. తండ్రీకొడుకులకు రెండు రోజులు మాటలు లేవు. అటక మీద మా అమ్మ పడుకున్న టేకు గడంచె ఉన్నది. వడ్లాయన వచ్చి కాళ్లను నాలుగు వేళ్ల మేర కోశాడు, నవారు కొత్తగా అల్లించాము, నాలుగు మూలలా దోమతెరకు కర్రలు నిలబెట్టాము. మొదటి రాత్రి ఆమె మూడుసార్లు తెర ఎత్తుకొని దిగి వచ్చింది. ప్రతిసారీ కోడలు మాటా పలుకూ లేకుండా చేయి పట్టుకొని మళ్లీ తీసుకుపోయి పడుకోబెట్టింది. నాలుగవ రాత్రికి దిగడం మానింది. కొడుకు మాత్రం ఆ గడంచె తలవైపు ఒక స్టీరింగు చక్రం బిగించాడు. నేను ఏమీ అనలేదు.